మారు వడ్డన

సింగపూర్ భూమధ్యరేఖకు సుమారు ఒక డిగ్రీ ఉత్తరాన ఉన్నది. దేశమంతటికీ చెల్లే ఆ గుర్తును బ్యూనా విస్టా పక్కనున్న రెండు వందల హెక్టార్ల నేల తన పేరుగా పెట్టుకొని వన్-నార్త్ అయినది. 2001లో మొదలైన ఆ పరిశోధనా నగరంలో 2003లో బయోపోలిస్, 2008లో ఫ్యూజనోపోలిస్ వెలిశాయి. మన పత్రిక చదివే కుటుంబాలలో కొందరికి అది రోజూ వెళ్ళే పనిచోటు. పిల్లలకు సర్కిల్ లైన్‌లో ఒక స్టేషను పేరు. ఈ వ్యాసంలో ఆ చోటును తిండి వైపు నుంచి చూడదలచాను.

బయోపోలిస్‌లో తిండిని గురించి ఆలోచించేవారికి కొదవ లేదు. ఆహారం, జీవసాంకేతికతల మీద పరిశోధన కోసం 2020లో అక్కడ ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. అదే ఏడాది డిసెంబరులో, కోడిని చంపకుండా దాని కణాల నుంచి పెంచిన మాంసాన్ని అమ్మడానికి సింగపూర్ అనుమతి ఇచ్చినది. ప్రపంచంలో ఆ అనుమతి ఇచ్చిన మొదటి దేశం ఇదే. పొలాలు లేని దేశం రేపటి తిండిని గాజుపాత్రలలో వెతుకుతున్నదంటే నవ్వవలసినదేమీ లేదు. అయితే ఈ ద్వీపంలో కొత్త భవనం లేస్తున్న ప్రతిచోటా మధ్యాహ్నం వేళ మరొక తిండి కనబడుతుంది. అవి కట్టడపు పనివారి అన్నం పొట్లాలు. ఎక్కడో ఒక పెద్ద వంటశాలలో అర్ధరాత్రి దాటాక వండి, తెల్లవారకముందే వసతిగృహాలకు చేర్చినవి. పనివారితో పాటే లారీలో వచ్చి, ఎండ ముదిరేదాకా గోడ నీడన వేచి ఉండి, పన్నెండు గంటలకు విప్పబడతాయి. అప్పటికి కూర పులిసిన రోజులూ ఉంటాయి. ఆ పనివారిలో తమిళ, బెంగాలీ సోదరులతో పాటు మన తెలుగువారూ ఉన్నారు.

వీరికి తిండి ఏర్పాటు లేదని ఎవరూ అనలేరు. ఉన్నది, పూటకొక పొట్లం చొప్పున, సాధారణంగా నెలకింత అని వారి సంపాదనలోంచే డబ్బు కట్టి తింటారు. లెక్క సరిపోయినది. మరి లోటు ఎక్కడ? ఒకరి ఆకలికి కొలత వేయవలసినది పెట్టేవారా, తినేవారా అన్న ప్రశ్న ఆ పొట్లం దగ్గరే పుడుతుంది. సమాజంలో ఆకలి లేకుండా చేయడమంటే ఏమిటో ఆలోచించిన ప్రతిసారీ నాకు మిగతా ప్రశ్నలన్నీ దీని వెనుకే నిలబడినట్లు తోస్తుంది.

మన పెళ్ళిపంక్తిలో దీనికి జవాబు ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలుసు. విస్తరి ముందు కూర్చున్నవారికి మొదట అన్నీ కొంచెం కొంచెంగా వడ్డిస్తారు. తరువాత వడ్డించేవారు మళ్ళీ వస్తారు. ఆ రెండవ రాకకు మారు వడ్డన అని పేరు. మారు అంటే మరొకసారి. తినేవారు విస్తరి మీదికి చెయ్యి అడ్డం పెట్టి చాలు అనేవరకు గరిటె ఆగదు. మొగమాటానికి చాలు అన్నవారిని కనిపెట్టి, కొసరి కొసరి ఇంకొక ముద్దకు సరిపడా వేయడం వడ్డించేవారి నేర్పు. ఏమి వండాలో ఇంటివారు నిర్ణయిస్తారు. ఎంత తినాలో మాత్రం విస్తరి ముందున్నవారిదే మాట. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఈ పద్ధతిని పండుగనాడు గుడిలో చూసి ముచ్చటపడతారు. పొట్లంలో ఆ మారు లేదు. చాలు అనే మాట తినేవారి నోటి నుంచి తొలగి, పొట్లం కట్టినవారి చేతిలోకి పోయినది.

సింగపూర్ ప్రభుత్వం దేశం మొత్తానికి వేసే కొలత వేరు. అది చాలా జాగ్రత్తగా వేసిన కొలత. ఇక్కడ తినే తిండిలో తొంభై శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. అందుకే ఒకే దేశాన్ని నమ్ముకోకుండా నూట ఎనభైకి పైగా దేశాలు, ప్రాంతాల నుంచి తెప్పించుకుంటారు. బియ్యం దిగుమతి చేసే వర్తకులు తమ నెలసరి దిగుమతికి రెండింతలు ఎల్లప్పుడూ గిడ్డంగిలో నిల్వ ఉంచాలని చట్టం. 2030 నాటికి దేశపు పోషకావసరాలలో ముప్పై శాతం ఇక్కడే పండించాలని 2019లో ఒక లక్ష్యం పెట్టుకొన్నారు. అది అందేలా లేదని గ్రహించి 2025 నవంబరులో దానిని సవరించి, 2035 నాటికి కూరగాయల వంటి పీచు ఆహారంలో ఇరవై శాతం, గుడ్లు, చేపల వంటి మాంసకృత్తులలో ముప్పై శాతం అని కొత్త గీత గీశారు. అందని లక్ష్యాన్ని అందనిదని ఒప్పుకోవడం ప్రభుత్వాలకు అలవాటైన పని కాదు కనుక దీనిని మెచ్చుకోవాలి.

ఈ జాగ్రత్త ఎందుకో 2022 జూన్ 1న తెలిసినది. తమ దేశంలో ధరలు పెరిగినందున మలేషియా ఆ రోజు నుంచి కోళ్ళ ఎగుమతిని ఆపివేసినది. ఇక్కడి కోడిమాంసంలో దాదాపు మూడో వంతు అక్కడి నుంచే వచ్చేది. మరుసటి ఏడు జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించగా, ప్రపంచంలో తెలుగువారున్న ఊళ్ళన్నిటిలో సోనా మసూరి బస్తాల కోసం పరుగులు మొదలైనాయి. సింగపూర్‌తో ఉన్న ప్రత్యేక సంబంధాన్ని తలచి భారతదేశం ఆగస్టులో ఇక్కడికి మినహాయింపు ప్రకటించినది. ఈ సందర్భంలో ఒక మాట చెప్పక ఉండలేను. మనం మన సొంతమనుకొనే మసూరి పేరు మన దేశంలో పుట్టలేదు. మహ్సూరి అనే వరి వంగడం 1960లలో మలేషియాలో విడుదలై, అక్కడి నుంచి ఆంధ్రదేశానికి వచ్చినది. లంకావి దీవి కథలో అన్యాయంగా చంపబడిన సాధ్వి పేరూ అదే. ఆమె మరణం తరువాత శత్రువుకు చిక్కకుండా ఊరివారు తమ ధాన్యాన్ని తామే కాల్చుకొన్నారని ఆ కథ చెబుతుంది. బాపట్ల పరిశోధన కేంద్రంలో 1980లలో రూపొందిన సాంబ మసూరికి ఆ మలయా వంగడం తల్లిదండ్రులలో ఒకటి. మలయా వెళ్ళిన తెలుగువారి కథ మనకు తెలుసు. మలయా నుంచి మన కంచంలోకి వచ్చిన వరి కథ కూడా పిల్లలకు చెప్పదగినదే.

అసలు విషయానికి వస్తాను. గిడ్డంగిలో బియ్యం నిండుగా ఉన్నదన్నంత మాత్రాన ఒక ఇంటి కంచం నిండినట్లు కాదు. సింగపూర్ మేనేజ్‌మెంట్ యూనివర్సిటీలోని లియెన్ సెంటర్, ఇక్కడి ఫుడ్ బ్యాంకు కోసం 2019లో జరిపిన సర్వే ప్రకారం, అంతకుముందు పన్నెండు నెలలలో కనీసం ఒక్కసారైనా సరిపడా, తగిన తిండి లేక ఇబ్బందిపడిన కుటుంబాలు 10.4 శాతం. ఇంత సంపన్న దేశంలో పదిళ్ళలో ఒక ఇల్లు. ఇబ్బంది ఉండీ సాయం అడగనివారు చెప్పిన కారణాలు మరింత ఆలోచింపజేస్తాయి. సాయం ఎక్కడ దొరుకుతుందో తెలియదని కొందరు, సిగ్గుగా ఉన్నదని కొందరు, తమకంటే అవసరమైనవారు ఉన్నారు కదా అని కొందరు. ఈ చివరి మాట మనకు పరాయిది కాదు. మారు వడ్డనకు వచ్చినప్పుడు ఆకలి ఉండీ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే మొగమాటమే అది.

అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో 1943 నాటి బెంగాల్ కరువును పరిశీలించి ఒక సంగతి నిరూపించాడు. మనుషులు ఆకలితో చనిపోయేది దేశంలో తిండి లేకనే కానక్కరలేదు. ఉన్న తిండి మీద వారికి హక్కు, కొనుగోలు శక్తి లేక కావచ్చు. ఆ మాటకు మన తెలుగు నేల మీద అంతకంటే పాత సాక్ష్యం ఉన్నది. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలై 1878 వరకు సాగిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు సీమలు దానికి బలి అయినాయి. దక్షిణ భారతంలో మొత్తం యాభై లక్షలకు పైగా మరణించినట్లు అంచనా. ఆ రోజులకే రైళ్ళు ఉన్నాయి, ధాన్యమూ కదిలినది. కొనలేనివారి ముందు నుంచే కదిలిపోయినది.

ఆ కరువులో ఆకలికి కొలత వేయడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన పేరు సర్ రిచర్డ్ టెంపుల్. ఈయన కథ చిత్రమైనది. 1874లో బీహారులో కరువు వచ్చినప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి ఉదారంగా పంచినది ఈయనే. అక్కడ మరణాలు బహు స్వల్పం. ప్రాణాలు నిలిపినందుకు పొగడ్త రావలసింది పోయి, ఖజానా డబ్బు దుబారా చేశాడని లండన్ నుంచి చీవాట్లు వచ్చాయి. మూడేళ్ళ తరువాత వైస్రాయి లిట్టన్ ఆయనను మద్రాసు రాజధానికి పంపినప్పుడు, ఆ నింద తుడుచుకోవాలన్న పట్టుదలతో వచ్చాడు. సహాయపు పనులలో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునని 1877 ఆరంభంలో తీర్మానించాడు. పౌను అంటే అరకిలోకు తక్కువ. ఆడవారికీ పిల్లలకూ ఇంకా తక్కువ. రోజంతా రాళ్ళు కొట్టి, కాలువలు తవ్వేవారికి ఆ తిండి! మద్రాసు రాజధాని ఆరోగ్య కమిషనరు కార్నిష్ అనే వైద్యుడు దీనిని గట్టిగా ఎదిరించాడు. పనిచేసే దేహానికి అంత ధాన్యం చాలదనీ, పప్పూ కూరగాయలూ కూడా కావాలనీ వాదించి, సహాయ శిబిరాలలో శుష్కిస్తున్న శరీరాలనే ఆధారంగా చూపాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం ఆ కొలతను పెంచక తప్పలేదు. ఈలోగా ఎన్ని ప్రాణాలు పోయాయో.

టెంపుల్‌ను రాక్షసుడని తోసిపుచ్చితే మనకు సులువు. ఆయన లెక్క తెలిసిన పాలకుడు. ఖర్చును గురించి జవాబు చెప్పుకోవలసినవాడు. ఆయన ఎదుట ఉన్న ప్రశ్న ఎంత తక్కువతో మనిషి బతుకుతాడన్నది. పెట్టేవారు ఒంటరిగా కొలత వేసేటప్పుడు, వారు ఎంత మంచివారైనా, ప్రశ్న మెల్లగా అటువైపే జారుతుంది. పొట్లం ధర తగ్గించే కాంట్రాక్టరుకూ, సభకు మిగిలిన బువ్వను ఎవరికి పంపాలా అని చూసే మేనేజరుకూ, అన్నదానానికి ఎన్ని కిలోల బియ్యం సరిపోతాయని లెక్కవేసే మనకూ ఆ జారుడు ఉన్నది. తేడా మోతాదులోనే. పంతొమ్మిదో శతాబ్దపు ఆ కరువుల కాలంలోనే విశాఖ, గోదావరి సీమల నుంచి తెలుగువారు బర్మాకూ మలయా తోటలకూ ఓడలెక్కారు. అక్కడా కూలీ ఎంత, బియ్యం ఎంత అనేది దొరల కొలతే.

ఇదే కాలంలో గోదావరి డెల్టాలో మరొక కొలత నడిచినది. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి ఇల్లు. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ ఇల్లాలు, వరదలకు చిక్కినవారికీ, గోదావరి పాయలు దాటివచ్చే బాటసారులకూ, ఏ వేళలో తలుపు తట్టినా వండి పెట్టినది. కులమేమిటని అడిగేది కాదని చెబుతారు. ఆమె పటాన్ని ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి తెప్పించుకొన్నారన్న కథ కోనసీమలో ప్రతి ఇంటా వినబడుతుంది. వైనతేయ నది మీద గన్నవరం వద్ద కట్టిన కాలువ వంతెనకూ, ఈమధ్య ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టారు. నాకు మాత్రం ఆమె గొప్పదనం వేళను గురించి పట్టింపు లేకపోవడంలో కనబడుతుంది. అర్ధరాత్రి ఆకలి అర్ధరాత్రికే తీరాలన్న నియమం అది. అంటే వేళను నిర్ణయించినది వచ్చినవారి కడుపు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి చెప్పినదీ ఈ క్రమమే. అన్నాన్ని నిందించవద్దు, పారవేయవద్దు, విస్తారంగా పండించు, ఇంటికి వచ్చినవారిని కాదనవద్దు. ఆ ఉపదేశంలో వచ్చినవారి అర్హతను పరీక్షించమన్న మాట లేదు.

సీతమ్మగారి మార్గానికి ఒక ఎల్ల ఉన్నది. అది ఒక ఇంటి పొలాల మీద, ఒక మనిషి ఓపిక మీద నిలిచినది. పెట్టి పెట్టి ఆ ఆస్తి కరిగిపోయిందని పెద్దలు చెబుతారు. ఆమె తరువాత ఆ తలుపు తట్టినవారి సంగతి ఏమిటి? దానమెంత గొప్పదైనా దాత ఆయుర్దాయమే దాని ఆయుర్దాయం. తినేవారు చాలు అనగలిగే స్వేచ్ఛ, దాత మీద ఆధారపడకుండా నిలిచే ఏర్పాటు, ఈ రెండూ ఒకచోట కూడిన ఉదాహరణ కోసం వెతికితే నాకు తెలంగాణలో జహీరాబాదు దగ్గరి పల్లెలు కనబడ్డాయి.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినది. కోట్లమంది కడుపు నింపిన పథకం. దానిని తక్కువ చేసి మాట్లాడేవారు ఆకలి ఎరగనివారని నా అభిప్రాయం. అయితే జహీరాబాదు మెట్టభూములలో పండేది వరి కాదు, జొన్న. చౌకబియ్యం ఇంటికి వస్తుండగా జొన్న వేయడం తగ్గినది; రాళ్ళనేలలు బీడుపడ్డాయి; అక్కడి పేదలకు పొలం పని కూడా పోయినది. కంచంలో రొట్టె మారి అన్నమైనది. అదే ఏడాది మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలను కూడగట్టినది. 1990ల నడుమ ఆ సంఘాల స్త్రీలు ముప్పైకి పైగా గ్రామాలలో తమ సొంత చౌకధాన్యపు ఏర్పాటును నిలబెట్టారు. బీడుపడిన భూములున్న రైతులకు సాగుకై కొంత పెట్టుబడి అప్పుగా ఇచ్చారు. ఆ అప్పును డబ్బుతో కాక జొన్నలతో కొన్నేళ్ళపాటు తీర్చాలి. అలా వచ్చిన జొన్నలను ఆ ఊళ్ళోనే నిల్వచేసి, పనులు దొరకని వానాకాలపు ఆకలి నెలలలో పేద ఇళ్ళకు తక్కువ ధరకు అమ్మారు.

నన్ను ఆకర్షించినది ఆ తరువాతి ఘట్టం. ఎవరు పేద అని ఎవరు చెప్పాలి? ఏ కచేరీ కాగితమూ చూడకుండా, ఊరందరి ఎదుట నేల మీద రంగులతో ఊరి పటం గీశారు. ఒక్కొక్క ఇంటినీ గుర్తించి, ఆ ఇల్లు ఎంత పేదదో, ఏ ఇంటికి ఎన్ని జొన్నలు కావాలో అక్కడే చర్చించుకొన్నారు. ఎక్కువ పేద ఇంటికి ఎక్కువ ధాన్యం. చదువు రాని స్త్రీలు తామే పేదరికానికి లక్షణాలు నిర్ణయించారు. తాము ఆకలి ఎరిగినవారు కనుక వారికి ఆ కొలత తెలుసు. నిన్నటిదాకా ఎవరో ఇస్తే పుచ్చుకొన్నవారు ఇప్పుడు ధాన్యానికి కాపలాదారులూ, పంపకానికి న్యాయమూర్తులూ అయినారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చినది. ఈక్వేటర్ అంటే భూమధ్యరేఖ. మనం ఆ రేఖకు ఒక డిగ్రీ దూరంలో కూర్చొని ఈ కథ చదువుతున్నాము.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. జహీరాబాదు పల్లెలో అందరూ అందరికీ తెలుసు. సింగపూర్‌లో పక్క ఫ్లాటువారి పేరు తెలియదు. ఊరందరి ఎదుట పేదరికం చెప్పుకోవడం అక్కడ సాధ్యం, ఇక్కడ అవమానం. వేలమందికి వండేవారు ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే వంట ఎప్పుడవుతుంది? ఈ ఆక్షేపణలో బలమున్నది. అడగడమే ఒక్కొక్కసారి హింస. దానం పుచ్చుకొనేవారిని పదిమంది ముందు నిలబెట్టి ఆదాయం, కుటుంబం, జబ్బులు ఆరా తీయడం కంటే నోరు మూసుకొని పొట్లం చేతిలో పెట్టడమే మర్యాద అని వాదించేవారితో నాకు పెద్ద తగవు లేదు. కానీ మారు వడ్డనలో వడ్డించేవారు ఎవరినీ ఆరా తీయరు. గరిటె పట్టుకొని రెండోసారి వస్తారు, అంతే. తినేవారు తమ కథ చెప్పనక్కరలేకుండానే కొలత చెప్పగలిగే ఏర్పాటు అది.

అటువంటి ఏర్పాట్లు ఈ ఊళ్ళో లేకపోలేదు. 2003 నుంచి బేకరీలలో మిగిలిన రొట్టెలను పంచుతూ వచ్చిన ఫుడ్ ఫ్రమ్ ది హార్ట్ అనే సంస్థ, 2020లో మౌంట్‌బాటెన్‌లో ఒక చిన్న దుకాణం తెరిచినది. సాయం పొందే కుటుంబాలు అక్కడికి వెళ్ళి, అరల మీది సరుకులలో తమకు కావలసినవి తామే ఎంచుకొంటాయి. డబ్బు కట్టనక్కరలేదు. అంతకుముందు అందరికీ ఒకే సంచి ఇచ్చే పద్ధతిలో, మధుమేహమున్న అవ్వకు తీపి బిస్కెట్లు, పళ్ళు లేని తాతకు గట్టి నూడుల్సు పోవడం ఏ దేశపు సహాయ సంస్థకైనా ఎదురయ్యే చిక్కే. పనిలో గాయపడి, పరిహారం తేలేవరకు పని చేయరాదన్న నిబంధనతో చేతిలో డబ్బు లేక మిగిలిపోయిన వలస కార్మికులకు, 2008 నుంచి టీడబ్ల్యూసీ2 అనే స్వచ్ఛంద సంస్థ లిటిల్ ఇండియాలో భోజనం పెట్టిస్తున్నది. మామూలు హోటలులో బల్ల దగ్గర కూర్చొని, మన వంటో బంగ్లా వంటో తినవచ్చు. పక్క బల్ల మీద డబ్బు కట్టి తినేవారికీ వీరికీ చూపులకు తేడా ఉండదు.

2020 ఏప్రిల్ నాటి సంగతి కూడా మరువకూడదు. కోవిడ్ వ్యాపించి మూడు లక్షలకు పైగా పనివారు వసతిగృహాలలో నిర్బంధంలో ఉన్నప్పుడు, ప్రభుత్వం వారందరికీ ఉచితంగా భోజనం పంపినది. అంత పెద్ద వంట అంత తక్కువ వ్యవధిలో ఏర్పాటు చేయడం సామాన్యం కాదు. అయినా మొదటి రోజులలో ఆ భోజనం గురించి ఫిర్యాదులు వచ్చాయి; అలవాటు లేని రుచులు, వేళ తప్పిన పొట్లాలు. తరువాత వారి వారి దేశపు వంటలు తెలిసినవారిని పెట్టి సరిదిద్దారు. ఉచితంగా వచ్చినదానికి వంకలా అని అప్పుడు కొందరు మనవారే అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. గదిలో బంధింపబడినవారికి ఆ రోజంతటిలో తమదని చెప్పుకోదగినది ఆ ఒక్క పూట రుచే.

2024 ఆగస్టులో ఇక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసినది. శుభ్రంగా ఉంచిన మిగులు ఆహారాన్ని మంచి మనసుతో దానం చేసినవారిని, నిర్ణీత నియమాలు పాటించినంతవరకు, తరువాత ఏదైనా తేడా వచ్చినా బాధ్యుల్ని చేయరు. వన్-నార్త్ వంటి చోట దీనికి చాలా పని ఉన్నది. సభలు, సమావేశాలు జరిగే ప్రతి భవనంలోనూ బల్లల మీద తిండి మిగులుతుంది. చట్టానికి భయపడి పారవేసేవారు ఇకమీదట పారవేయనక్కరలేదు. ఇది మంచిదే. కాకపోతే మిగిలినది పంచడాన్ని ఆకలి నివారణ అనుకొంటే పొరపాటు. మిగులు ఎప్పుడు, ఎంత, ఏమిటి అన్నది సభ పెట్టినవారి ఆకలిని బట్టి ఉంటుంది. మంగళవారం సభ లేకపోతే మంగళవారం ఆకలి ఉండదా? పారవేయకపోవడం ఒక ధర్మం, ఆకలి తీర్చడం మరొక ధర్మం. మొదటిది మన వస్తువుతో మనకున్న సంబంధం. రెండవది ఎదుటి మనిషితో.

వన్-నార్త్ పక్కనే టాంగ్లిన్ హాల్ట్ అనే పాత పేట ఉన్నది. మలయా రైలు ఆగిన చోటు కనుక ఆ పేరు. సింగపూర్‌లో తొలినాటి పదంతస్తుల ప్రభుత్వ ఇళ్ళు 1960లలో అక్కడే లేచాయి. ఆ రైలు మార్గంలో పనిచేసిన కూలీలు 1932లో చిన్న పాకగా మొదలుపెట్టిన మునీశ్వరుని గుడి ఇప్పుడు కామన్‌వెల్త్ డ్రైవ్‌లో పెద్ద ఆలయంగా నిలిచి ఉన్నది. రైలు 2011లో ఆగిపోయినది. పాత ఇళ్ళను తీసివేసి కట్టే ప్రణాళికను 2014లో ప్రకటించాక అక్కడి వృద్ధులు చాలామంది డాసన్ వైపు కొత్త ఇళ్ళకు మారారు. కొత్త ఇంట్లో లిఫ్టు ఉన్నది, గాలి ఉన్నది. యాభై ఏళ్ళుగా అప్పు పెట్టిన కూరగాయల అంగడివాడు, ఒంట్లో బాగులేదని తెలిసి గంజి పంపే పక్కింటామె ఎటు పోయారో. ఒక పేట ఆహార భద్రతలో ఇటువంటి మనుషులూ భాగమే. ఏ గిడ్డంగి లెక్కలోనూ వీరు కనబడరు. ఒంటరిగా ఉండే ముసలివారికి అన్నం దొరకకపోవడం కంటే అన్నం తినమని అడిగేవారు లేకపోవడం ముందు వస్తుంది.

ఇక మన అన్నదానాల మాట. పిల్లవాడి పుట్టినరోజనీ, తండ్రిగారి తిథి అనీ మనం రోజు ఎంచుకొంటాము. పెరటాసి శనివారాలలో గుళ్ళు కిటకిటలాడతాయి, ప్రసాదం పంచేవారి చేతులు నొప్పెడతాయి. మామూలు వారం మధ్యలో వంటశాల ఖాళీ. పులిహోర, చక్కెర పొంగలి మన మొక్కు; తినే పెద్దవారి రక్తంలో చక్కెర మన లెక్కలోకి రాదు. దాత సంతోషాన్ని నేను తీసిపారవేయడం లేదు. తండ్రి పేరున నలుగురికి పెట్టి తృప్తిపడే కొడుకు తృప్తి నిజమైనదే, ఆ తృప్తి లేనిదే ఏ పొయ్యీ వెలగదు. కానీ ఆ రోజు వచ్చి తిన్నవారిలో నిజంగా ఆకలిగొన్నవారు ఎందరని మనలో ఎవరమూ లెక్కపెట్టుకోలేదు. కారు దిగి వచ్చి తిన్న మనమే ఎక్కువ కావచ్చు. పంక్తికి అందరూ సమానమే కనుక అది తప్పు కాదు. ఆకలిగొన్నవారికి ఆ రోజున పంక్తి ఉన్నదని తెలియకపోవడమే లోటు.

అన్నదానానికి డబ్బు కట్టేటప్పుడు నింపే కాగితంలో సాధారణంగా దాత పేరు, గోత్రం, నక్షత్రం, తేదీ కోసం గళ్ళు ఉంటాయి. తేదీ గడిని ఖాళీగా విడిచి, ఏ రోజున అవసరమైతే ఆ రోజుకు వాడండి అని రాసి ఇచ్చే దాతలు కొందరైనా ఉంటే, వంటశాలవారు వారం మధ్యలో పొయ్యి వెలిగించగలరు. దాని పక్కన ఇంకొక గడి గీయడం కూడా కష్టం కాదు. ఈ భోజనం ఎవరు తింటారు, ఏ వేళకు కావాలి, ఏమి కావాలి అని. దానిని నింపాలంటే మనలో ఎవరో ఒకరు కార్మికుల వసతిగృహానికో, డాసన్‌లో ఒంటరి అవ్వ ఉండే అంతస్తుకో ముందు రోజు వెళ్ళి అడిగి రావాలి. మన పదిహేనేళ్ళ పిల్లలు ఈ పని మనకంటే బాగా చేస్తారని నా నమ్మకం. వారికి తెలుగుతో పాటు మాండరిన్‌లో నాలుగు ముక్కలూ వచ్చు, మొగమాటం తక్కువ. వెళ్ళేముందు వారికి నేర్పవలసిన తెలుగు మాట ఒకటున్నది. ఇంకొంచెం వేయమంటారా?